ముడి వేసేంత మౌనం

మార్తమ్మ టీచరమ్మ ఇక లేరన్న మాట నేను వినలేదు, చూశాను.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. షెడ్డులో సాంచలు నడుస్తుంటే పక్క మనిషి మాట కూడా వినపడదు. అందుకే మేము పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటాం. ఒక్కొక్కరికి ఒక్కొక్క సైగ ఉంటుంది. షెడ్డు యజమాని సేటు అని చెప్పాలంటే మీసం మెలి తిప్పినట్టు చూపిస్తాం. టీచరమ్మ అని చెప్పాలంటే తొడ మీద తాళం వేస్తాం. ఆ పొద్దున నేను మిషను మీద దారం కండెలు చుడుతున్నాను. సాంచలు నడిపే శంకరన్న గుమ్మంలో నిలబడి తొడ మీద తాళం వేశాడు. టీచరమ్మ వచ్చారనుకొని గబుక్కున లేచి కొంగు సర్దుకున్నాను. ఆమె కరీంనగర్ ఆసుపత్రిలో ఉన్నారని తెలిసీ లేచాను. అప్పుడు శంకరన్న తాళం వేసిన అరచేతిని తిప్పి, ఖాళీగా చూపించాడు. షెడ్డులో చప్పుడు చప్పుడుగానే ఉంది. కండె మీద దారం నిండిపోయి పక్కకు జారుతున్నా నేను చూసుకోలేదు.

మా పాట విన్నవాళ్లకు టీచరమ్మ తెలుసు. విననివాళ్లకు చెప్పవలసిన పని మా బృందంవాళ్లు నా మీద పెట్టారు. ఆమె నేర్పిన అక్షరాలతోనే ఆమె గురించి రాస్తున్నాను.

గొల్లపల్లి మండలంలోని ఒక చిన్న ఊళ్లో ఆమె పుట్టారు. తల్లిదండ్రులకు సెంటు భూమి లేదు, ఇద్దరూ కూలికి పోయేవారు. ఆదివారం చర్చిలో తల్లి పాడే కీర్తనలే ఆమె మొదటి సంగీతం. హాస్టల్లో ఉండి చదువుకున్నారు, సంగీత కళాశాలలో డిప్లొమా చేశారు, కోరుట్ల బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. ఆమె మనసులో మాత్రం ఒకే కోరిక ఉండేది. శాస్త్రీయ సంగీతమంటే వేదిక మీద ఒక్కరు కూర్చొని పాడేది, మిగతావాళ్లు కింద కూర్చొని తల ఊపేది అని అందరూ అనుకుంటారు. అలా కాకుండా ఊళ్లోని మనుషులంతా కలిసి ఒకే గొంతుగా వర్ణం పాడాలి, కీర్తన పాడాలి, తిల్లాన పాడాలి. అటువంటి బృందం ఒకటి నిలబెట్టాలని ఆమె ఆరాటం.

ఆ బృందం సిరిసిల్లలో పుట్టింది, అదీ పాట కోసం కాదు. మా వాడలో పెద్దవాళ్లకు చదువు చెప్పే సాయంత్రపు తరగతి పెట్టారు. కోరుట్ల నుంచి మా ఊరి బడికి మారి వచ్చిన టీచరమ్మ అందులో చదువు చెప్పడానికి వచ్చారు. మేమంతా పొద్దంతా పని చేసి వచ్చినవాళ్లం. బీడీలు చుట్టేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు, సాంచలు నడిపేవాళ్లు. వీర్నపల్లి వైపు నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కూలీల కుటుంబాలవాళ్లు కూడా ఉండేవారు. పలక మీద అ, ఆ దిద్దమంటే అందరం ఆవలించాం. టీచరమ్మ పలకలు పక్కన పెట్టించారు.

"నిద్రొస్తున్నదా? అయితే పాడుండ్రి. పాడుకుంట పండుకునేటోళ్లను నేనింకా చూడలే."

స, రి, గ, మ అని పాడించి, ఏ స్వరం పాడితే ఆ అక్షరం నల్లబల్ల మీద రాసేవారు. అందుకే నాకు మొదట వచ్చిన అక్షరాలు అ, ఆ కావు. స రి గ మ ప ద ని. అప్పటికి నాకు నలభై దాటాయి. బస్సు మీద 'సిరిసిల్ల'లో మొదటి రెండక్షరాలు పోల్చుకొని, "గిది నా స, గిది నా రి" అని గట్టిగా అరిస్తే కండక్టరు భయపడ్డాడు. మిగతా అక్షరాలు వాటి వెంబడే వచ్చాయి.

మా గొంతులతో ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. జన్మంతా సాంచల మధ్య బతికినవాళ్లం, మాకు మెల్లగా మాట్లాడడమే రాదు.

"మీరు పాడుతున్నరా, సేటుతోని కొట్లాడుతున్నరా?" అన్నారు ఒకరోజు చెవులు మూసుకొని.

"సేటుతోని గింత గట్టిగ మాట్లాడితే సాంచ మీద ఉంచుతడా టీచరమ్మా?" అన్నాడు శంకరన్న.

"నిన్ను నేను సుత ఉంచేటట్టు లేను. తాళం కన్న ముందే ఉరుకుతున్నవు. నీ వెనుక ఎవ్వలన్న తరుముతున్నరా?"

శంకరన్నది మా అందరిలో నిండైన గొంతు. తొందర కూడా మా అందరిలో అతనికే ఎక్కువ. పాట ఎత్తుకోవలసిన చోట అందరికన్నా ముందు ఎత్తుకుంటాడు, తర్వాత నాలుక కరుచుకుంటాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మేము మొట్టమొదట వేదిక ఎక్కింది కోరుట్లలో. ఆమె పాత బడి వార్షికోత్సవం. తెర తీయగానే మేమంతా చుట్టూ తిరిగి ఒకరికొకరం ఎదురుగా నిలబడ్డాం. షెడ్డులో ఎదుటివాళ్ల నోరు చూడకపోతే ఏ మాటా అందదు, పాట కూడా అలాగే కదా అనుకున్నాం. సభలో సగం మందికి మా వీపులే కనపడ్డాయి. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. "సభకు ఈపులు చూపెడ్తరా!" అని ముందు వరుసలోని పెద్దమనిషి గట్టిగానే అన్నాడు. మేము ఎలాగో పాట ముగించి తలలు వంచుకొని దిగాం. తిరుగు బస్సులో అందరం కిటికీల వైపు తిరిగి కూర్చున్నాం. వేములవాడ దాటాక టీచరమ్మే వెనక్కి తిరిగి అన్నారు.

"ఏం బాధపడకుండ్రి. ఈపులు సుత శ్రుతిలనే పాడినయి."

బస్సంతా గొల్లున నవ్వింది. మరుసటి రోజే ఆమె మమ్మల్ని నెలవంకలా నిలబెట్టారు. అటు సభకు ముఖం కనపడుతుంది, ఇటు ఒకరి నోరు ఒకరికి కనపడుతుంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా మేము నెలవంకలోనే నిలబడతాం. మేము చేసిన తప్పును దిద్ది పారేయకుండా, దాన్నే మా పద్ధతిగా చేసిన గురువు ఆమె.

మగవాళ్లు సాంచలు వదిలి రాలేకపోతే ఆమే షెడ్డుకు వచ్చేవారు. సాంచలు నడుస్తుండగానే పాడమనేవారు. ఏమీ వినపడదు కదా టీచరమ్మా అంటే, "నాకు ఇనపడకున్న మంచిదే. కరెంటు పోతది గదా, అప్పుడు ఇంట" అనేవారు. కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న రోజులవి. మొదటిసారి పాట మధ్యలో కరెంటు పోయి సాంచలన్నీ ఒక్కసారి ఆగిపోతే, మా గొంతులు నడిబజారులో దొరికిపోయిన దొంగల్లా బయటపడ్డాయి. ఒక్కొక్కరిది ఒక్కొక్క శ్రుతి. ఒకరు పల్లవిలో ఉంటే ఇంకొకరు చరణంలో ఉన్నారు. మాకే సిగ్గేసి ఆగిపోయాం. తర్వాత ప్రతి కరెంటు కోతా మాకు ఒక పరీక్ష అయింది.

ఒకనాటి మధ్యాహ్నం మోహన రాగంలో వర్ణం పాడుతున్నాం. మేము ఒకరి నోరు ఒకరం చూసుకుంటూ పాడుతూనే ఉన్నాం. కాసేపటికి పక్కింటి ముసలమ్మ తలుపు దగ్గరకు వచ్చి తొంగి చూసి నన్ను అడిగింది.

"ఏందే రాజవ్వా, కరెంటు పోయి ఎంత సేపాయె. మీ రేడియో ఎట్ల మోగుతున్నదే?"

అప్పుడు గానీ సాంచలు ఆగాయని మాకు తెలియలేదు. పాట నిలబడింది. టీచరమ్మ గోడకు ఆనుకొని, కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి వాడలో మా పేరు రేడియో బృందం.

మేము పాడేవి ఏమిటని అడుగుతారు. ఆమె మాకిచ్చిన ఆస్తి పెద్దది. వర్ణంతో మొదలుపెడతాం. తర్వాత భక్తి కీర్తనలు. ఒక దేవుడి కీర్తన పాడితే అదే రాగంలో చర్చి కీర్తన వెంటనే పాడతాం, మధ్యలో ఆపకుండా. దీని మీద రెండు వైపులా పెద్దలు కోపం చేశారు. వాళ్ల పాటలు మనకెందుకని ఇటువాళ్లు, మన పాటలు వాళ్లకెందుకని అటువాళ్లు. ఇద్దరికీ ఆమె చెప్పిన జవాబు ఒక్కటే.

"మోహన రాగాన్ని సుత కులం సర్టిఫికెట్ అడుగుతరా అయ్యా?"

ఆ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆ మాట నవ్వుతూ అనేవారు. కోపం చేసినవాళ్లే తర్వాత వచ్చి ముందు వరుసలో కూర్చొని విన్నారు. కొడిమ్యాల వైపు నాట్లు వేసే ఆడవాళ్ల దగ్గర విన్న పాటల వరుసలను తీసుకొని ఆమె స్వరాలు కట్టారు. మగవాళ్లు కింది షడ్జమం పట్టుకొని నిలబడితే, ఆడవాళ్లం దాని మీద రాగం నడిపిస్తాం. ముగింపు ఎప్పుడూ మధ్యమావతిలోనే.

అన్నిటికన్నా పెద్దది ఆమె స్వయంగా కట్టిన రాగమాలిక. మగ్గం మీద పడుగు ఎక్కించిన దగ్గర నుంచి బట్ట దిగేదాకా, ఒక్కొక్క పనికి ఒక్కొక్క రాగం. మూడో చరణం చివర పోగు తెగుతుంది. అక్కడ పాట ఆగిపోవాలి. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేంత సేపు, ఎవ్వరూ నోరు తెరవకూడదు. మళ్లీ అందరూ ఒక్కసారి, ఒక్క గొంతుతో ఎత్తుకోవాలి.

"గంత సేపు గమ్మునుంటే జనం లేచి పోరా టీచరమ్మా?" అన్నాను నేను.

"పోనీయి. చప్పుడంతా ఆగినంక ఏమి మిగుల్తదో ఉన్నోళ్లు ఇంటరు."

ఆమె చేయి తాళం వేసి చూపిస్తే మేము సరిగ్గా ఎత్తుకునేవాళ్లం. ఆమె చేతిని చెంగు కింద దాచుకుంటే మాత్రం చెడిపోయేది. లోలోపల లెక్క పెట్టుకునేవాళ్లం. భయానికి లెక్క తొందరపడేది. ఒకసారి నేను ముందు ఎత్తుకునేదాన్ని, పదిసార్లు శంకరన్న ఎత్తుకునేవాడు. ఆమె చేయి చూడకుండా ఒక్కసారైనా మేము ఆ మౌనాన్ని దాటలేదు. ఆమెకు అదొక్కటే దిగులు. "నా చెయ్యి ఉన్నన్ని రోజులే మీ పాట ఉంటదా? అయితే నేను బృందం పెట్టలే, నాకు నేనే పాడుకున్న" అనేవారు.

జగిత్యాలలో ఏటా శాస్త్రీయ సంగీత సభ జరుగుతుంది. ఆమె మొదటిసారి మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్లి అడిగినప్పుడు, నిర్వాహకులు మర్యాదగానే కాదన్నారు. గుంపుగా పాడేది భజన అవుతుంది గానీ కచేరీ ఎలా అవుతుందని వాళ్ల సందేహం. ఆమె వాదించలేదు. ప్రతి ఏడూ వెళ్లి అడిగారు. చివరికి పోయిన ఏడు ఒక పెద్దాయన సిరిసిల్ల వచ్చి, షెడ్డులోనే నిలబడి మా పాట విన్నారు. ఈ ఏడు సభలో మాకు పూర్తి కచేరీ ఇచ్చారు. ఆ కబురు వచ్చిన వారంలోనే టీచరమ్మ మంచం పట్టారు.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆమె ముక్కుకు గొట్టం ఉంది. అయినా అడిగింది మౌనం సంగతే.

"దాటుతున్నరా?"

"లేదు టీచరమ్మా. శంకరన్న ఉరుకుతనే ఉన్నడు. నేను సుత లెక్క తప్పుతున్న."

ఆమె నా వేళ్ల వైపు చూశారు.

"రాజవ్వా, పోగు తెగితే ముడి ఎంత సేపట్ల ఏస్తవు? లెక్కవెడ్తవా?"

"లెక్కెందుకు టీచరమ్మా. చేతికే ఎరుక."

"గంతే మరి. ఇన్ని రోజులు నేనే తప్పు చెప్పిన. లెక్కవెట్టకుండ్రి. ముడెయ్యండ్రి." నవ్వారు. "శంకరిగానికి జెర గట్టి ముడెయ్యమని చెప్పు."

నేను విన్న ఆమె చివరి మాటలు ఇవే.

గొల్లపల్లి దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో మట్టి చేశారు. పెట్టె దించుతుంటే మేము నెలవంకలా నిలబడి మధ్యమావతి ఎత్తుకున్నాం. రెండో చరణం దాకా పోలేకపోయాం. ఏడుపులో ఎవరి శ్రుతి వాళ్లదైంది. పాట అక్కడే తెగిపోయింది. ఆమె భయపడ్డదే ఆమె కళ్ల ముందు జరిగినట్టయింది మాకు.

తర్వాత జగిత్యాల పెద్దాయన ఫోను చేశారు. "అమ్మా, మీరు దుఃఖంలో ఉన్నరు. వచ్చే ఏడు పెట్టుకుందాం. మీ జాగ ఎక్కడికి పోదు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఈ ఏడు ఆగితే మళ్లీ కలవలేమని మా అందరికీ లోపల తెలుసు. కొందరు వద్దన్నారు, కొందరు ఏడ్చారు. శంకరన్న మాత్రం లేచి నిలబడ్డాడు.

"పోగు తెగిందని సాంచ బందు వెట్టి ఇంటికి పోతమా? నడువుండ్రి. తప్పుపోతే మన ఈపులు మనకు ఉండనే ఉన్నయి."

ఏడ్చేవాళ్లు కూడా నవ్వారు. జగిత్యాల పెద్దాయనకు ఫోను చేసి, వస్తున్నామని నేనే చెప్పాను.

జగిత్యాల సభ నిండింది. వేదిక మీద నెలవంకకు ఎదురుగా ఆమె కూర్చునే చోట ఏమీ పెట్టలేదు. ఫోటో పెడదామంటే ఆమె కూతురు సునీత వద్దన్నది. "మమ్మీ ఫోటో చూసి మీరు ఏడిస్తే మమ్మీ తిడ్తది" అన్నది. వర్ణం బాగా నడిచింది. దేవుడి కీర్తన, దాని వెంటనే చర్చి కీర్తన. సభలో చప్పట్లు మధ్యలోనే మొదలయ్యాయి. నాట్ల వరుసకు వెనుక కుర్చీలలో ఎవరో ఈల వేశారు. శాస్త్రీయ సభలో ఈల ఏమిటని పెద్దలు వెనక్కి తిరిగి చూశారు, తర్వాత వాళ్లే నవ్వారు.

రాగమాలిక మొదలైంది. పడుగు ఎక్కింది. కండె నిండింది. మూడో చరణం చివరికి వచ్చాం. నేను శంకరన్న ముఖం చూశాను. అతను నా ముఖం చూశాడు. పోగు తెగింది. అందరం ఆగిపోయాం.

అంత పెద్ద సభలో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినపడింది. తాళం వేసే చేయి లేదు. నేను లెక్క పెట్టలేదు. నా కుడి చేతి వేళ్లు వాటంతట అవే కదిలాయి. తెగిన పోగు వెతికి, రెండు కొసలు దగ్గరికి తెచ్చి, మెలివేసి, బిగించాయి. చూస్తే నెలవంక పొడుగునా అందరి వేళ్లూ కదులుతున్నాయి. సాంచ నడిపే చేతులు, కండె చుట్టే చేతులు, బీడీకి దారం కట్టే చేతులు. ఈ పని తెలియని చేయి మాలో ఒక్కటీ లేదు. శంకరన్న కళ్లు మూసుకొని, పళ్లు బిగబట్టి, అందరికన్నా గట్టిగా బిగిస్తున్నాడు.

ముడి పడింది. మేమంతా ఒక్కసారి ఎత్తుకున్నాం.

ఎవరు ముందు, ఎవరు వెనుక అని చెప్పడానికి లేదు. ఒకే మనిషి పాడినట్టు లేచింది. ఆ షడ్జమం నా కాళ్ల కింద చెక్కలో నుంచి పైకి రావడం నాకు తెలిసింది. సభ లేచి నిలబడింది. మేము ఇంకా పాడుతుండగానే నిలబడింది. ఒకప్పుడు ఇది భజన కదా అన్న పెద్దమనుషులు కూడా నిలబడ్డారు. ముందు వరుసలో సునీత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని వెక్కి వెక్కి ఏడుస్తూ, నవ్వుతూ ఉంది.

అటువంటి గురువు మాకు మళ్లీ దొరకరు. ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి, మనుషుల నోళ్లు చూడడం నేర్పి, చివరికి తన చేయి కూడా అవసరం లేకుండా చేసి వెళ్లిపోయిన మనిషిని ఎక్కడని వెతుకుతాం? ఆమె లేని లోటు ప్రతి పాట మొదట్లో తెలుస్తుంది. ఆమె పెట్టిన శ్రుతి ప్రతి పాట చివర తెలుస్తుంది. ఆమె చెప్పిన పాటలను ఇప్పుడు మా బిడ్డలు నేర్చుకుంటున్నారు. సాయంత్రపు తరగతికి కొత్తగా వచ్చేవాళ్లకు స, రి, గ, మ నేనే రాసి చూపిస్తున్నాను. టీచరమ్మా, మీకు మా అందరి దండాలు.

కచేరీ తెల్లారి ఇంటికి రాకుండా, జగిత్యాల నుంచి అటే గొల్లపల్లి దారి పట్టాం. ఆమె సమాధి మట్టి ఇంకా ఆరలేదు. ఆ రోజు తెగిపోయిన మధ్యమావతిని మొదటి నుంచి ఎత్తుకొని, చివరి దాకా పాడి ముగించాం. అందరూ వెనుదిరిగినా శంకరన్న కదల్లేదు. తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకొని, సాంచల మధ్య పలికినట్టు గట్టిగా, ఆ మట్టితో చెప్పాడు.

"టీచరమ్మా, నిన్న ఎవ్వరు ముందుగాల ఎత్తుకోలే. నేను సుత."